పల్నాటికి వచ్చిన ఖరీదైన యాత్ర

(నరసరావుపేటలో జరిగిన మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎజెండాలో అయిదవ అంశం మీరు చూసే ఉంటారు. హైదరాబాదులోని ఒక యాత్రల కంపెనీ వారు మన సంఘానికి ఉత్తరం వ్రాశారు. వారు మన పల్నాడు ప్రాంతానికి ఖరీదైన యాత్రలు నడుపుతున్నారు. మన సభ్యులలో ఈ ప్రాంతం తెలిసినవారు, ఓపిక ఉన్నవారు వారి వెంట తిరిగి వివరాలు చెబితే తగిన పారితోషికం ఇస్తామంటున్నారు. మన పేరు వారి పుస్తకంలో వేసుకుంటామని కూడా అడిగారు. దీనిమీద మీరు చేతులెత్తే ముందు, మొన్న మాఘమాసంలో వారితో మూడు రోజులు తిరిగి వచ్చినవాడిని కనుక నేను చూసింది చూసినట్టు చెప్పమని కార్యవర్గం ఆజ్ఞాపించింది. నేను వక్తను కాను. సాగర్ కుడికాలువ శాఖలో 1978లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, 2012లో రిటైరయ్యాను. గీతలు గీయడమే తప్ప మాటలు అల్లడం నా ఉద్యోగం కాదు. తప్పులుంటే మన్నించగలరు.

ముందుగా ఆ యాత్ర ఎటువంటిదో చెబుతాను. వచ్చినవారు పదకొండుమంది. ఎనమండుగురు హైదరాబాదు వాళ్ళు, ముగ్గురు మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఏసీ బండ్లు రెండు. జలాశయం ఒడ్డున గుడారాలు వేశారు. గుడారం అంటే మనం సర్వే క్యాంపుల్లో పడుకున్నటువంటిది కాదండోయ్. లోపల మంచం, పరుపు, అద్దం, వేడినీళ్ళ స్నానాలగది. మూడు రోజులకు మనిషికి వారు తీసుకున్నది నా రెండున్నర నెలల పెన్షన్. నేను అడక్కుండానే ఒకాయన చెప్పాడు, అడిగే ధైర్యం నాకు లేదు.

ఆ కంపెనీ కాగితాల్లో పల్నాటిని "దక్కను ఎడారి అంచు" అని వర్ణించారు. మొదట నవ్వొచ్చింది. తరువాత ఆలోచిస్తే మరీ అబద్ధం కూడా కాదనిపించింది. వేసవి వస్తే రాష్ట్రమంతా రెంటచింతల పేరు వినేది ఎండ లెక్కల్లోనే కదా. కాలువ రాకముందు ఇక్కడి బ్రతుకేమిటో మన పెద్దలకు తెలుసు. నాపరాళ్ళ నేల, నాపరాళ్ళ గోడ, నాపరాళ్ళ కప్పు, తినడానికి జొన్నలు, తాగడానికి కోసెడు దూరంలో నీళ్ళు. శ్రీనాథుని పేరిట చెప్పుకునే చాటువులలో పల్నాడు పడ్డ తిట్లు మీకందరికీ కంఠతా వచ్చును గనుక నేను చదవబోవడం లేదు. అయితే ఒక్క మాట. ఆ మహాకవి ఏ జొన్నకూటిని చూసి వాపోయాడని చెప్పుకుంటామో, రెండవనాటి మధ్యాహ్నం అదే జొన్నరొట్టెను, గోంగూరను, పండుమిరప పచ్చడిని ఇత్తడి పళ్ళేల్లో పెట్టి విశేష భోజనమని వడ్డించారు. అందరూ మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. ఆ రొట్టెలు కాల్చినామె ఆ పూట ఇంటినుంచి తెచ్చుకున్నది అన్నమూ పప్పూ. మనకు ఇప్పుడు జొన్నలు కొనాలంటేనే బియ్యం కంటే ఖరీదు.

మొదటిరోజు నాగార్జునకొండ. రైట్ బ్యాంక్ నుంచి లాంచీలో సుమారు ముప్పావుగంట ప్రయాణం. కంపెనీ తరఫున వచ్చిన యువకుడు ఇంగ్లీషులో చక్కగా మాట్లాడతాడు, మర్యాదస్తుడు, అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇక్ష్వాకులు, వీరపురుషదత్తుడు, మహాచైత్యం అంటూ వరుసగా అప్పజెప్పాడు. నన్ను అడిగినప్పుడు నాకు తెలిసింది కలిపాను. 1926లో ఈ లోయలో శిథిలాలను గుర్తించినవారు పురావస్తు శాఖలో తెలుగు సహాయకులుగా పనిచేసిన ఎ.ఆర్. సరస్వతిగారు. 1927 నుంచి 31 వరకు లాంగ్‌హర్స్ట్ దొర తవ్వించారు. 1938లో టి.ఎన్. రామచంద్రన్‌గారు కొంత. ఆ తరువాత ఆనకట్ట ఖాయమయ్యాక, నీళ్ళు వచ్చేలోగా చూడగలిగినంత చూడాలని 1954 నుంచి 1960 వరకు డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో లోయ అంతా తవ్వారు. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు బయటపడ్డాయి. సింహళ భిక్షువుల కోసం కట్టిన విహారం ఉంది. దానిని గురించిన శాసనం వేయించినామె బోధిసిరి అనే ఉపాసిక. మహాచైత్యాన్ని పూర్తిచేయించినది చాంతిసిరి, రాజుగారి మేనత్త. ఈ లోయ దానశాసనాల్లో ఆడవారి పేర్లే ఎక్కువగా వినిపిస్తాయని చెబితే బండిలో వచ్చిన ఆడవాళ్ళందరూ ఫోనులో వ్రాసుకున్నారు.

ముఖ్యమైన కట్టడాలను కొన్నిటిని రాయి రాయి లెక్కన విప్పి, కొండమీదకూ అనుపుకూ చేర్చి తిరిగి కట్టారు. 1966లో కొండమీద మ్యూజియం తెరిచారు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. కానీ ఒక సంగతి పుస్తకంలో లేనిది లాంచీలో జరిగింది.

మా శాఖలో అటెండరుగా చేసి రిటైరయిన ఒక పెద్దాయన మాతో లాంచీ ఎక్కాడు. ఎనభై దాటినవాడు. సాయంగా ఉంటాడని నేనే పిలిచాను. ఆయనది ముంపు గ్రామం. విగ్రహాలను, స్తంభాలను కొండెక్కించారు సరే, పదుల సంఖ్యలో ఊళ్ళు ఆ నీటికింద ఉండిపోయాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ముంపు మ్యాపుకు నేనే ట్రేసింగు తీశాను. ఊరు ఒక చుక్క, పక్కన పేరు, చుట్టూ నీటిమట్టం గీత. అంతే నాకు తెలిసింది. పెద్దాయన మాత్రం లాంచీ అంచు పట్టుకుని, కొండ ముక్కును, అవతలి గట్టును చూసుకుంటూ, "సారూ, ఇప్పుడు మనం మా చింతతోపు మీదున్నాం. ఇంకాస్త పోతే రామాలయం. ఆ పక్కన మా నాయన పొలం, రెండెకరాలు, రేగడి" అని చెప్పుకుపోయాడు. నేను తర్జుమా చేస్తున్నాను. మ్యూజియం గూర్చి చెబుతున్నప్పుడు ఫోను చూసుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తి నీళ్ళవైపు చూశారు. ఒకామె, ఊరు వదిలిన రోజు గుర్తుందా అని అడిగింది. ఆయన నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కంపెనీ యువకుడు గడియారం చూసుకుని, దిగగానే ఫలహారం, తరువాత మ్యూజియం, ఆలస్యమైతే అనుపు తప్పిపోతుంది అని ప్రకటించాడు. పెద్దాయన మర్యాదగా ఊరుకున్నాడు. తిరుగు ప్రయాణంలో అడిగితే, "ఇప్పుడేముందిలే సారూ" అన్నాడు.

ఆ యువకుని తప్పు కాదు. అతని కాగితంలో నిమిషాలు వేసి ఉన్నాయి. ఊరికి నిమిషాలు వేసి లేవు.

ఆనకట్ట సంగతి కూడా క్లుప్తంగా చెప్పాను. మొదట దీనిని నందికొండ ప్రాజెక్టు అనేవారని, ముక్త్యాల రాజావారు దీనికోసం పట్టుబట్టారని, 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారని, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారని. రాతికట్టడపు ఆనకట్టలలో అంత పెద్దది చాలా అరుదని. 2014 తరువాత ఆనకట్ట ఒక కొస ఆంధ్రప్రదేశ్‌లో, ఒక కొస తెలంగాణలో ఉన్నదని. ఇందులో మన వాళ్ళ కష్టం ఎంతో నేను చెప్పడం మొదలుపెడితే మనమెవరం భోజనానికి లేవలేము.

రెండవరోజు ఎత్తిపోతల. చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తునుంచి పడుతుంది, కింద మడుగులో మొసళ్ళు, పక్కన దత్తాత్రేయుని గుడి. సుగాలీ సోదరులు భక్తితో కొలిచే స్థలం. అందరూ చూసిందే, ఫొటోలు తీసుకున్నారు, వచ్చేశాం. దారిలో నాకు నచ్చింది వేరు. ఒకచోట బండి ఆపి అరగంట అడవి అంచున నడిపించారు. చండ్ర, తునికి, మోదుగ, బలుసు, కలే పొదలు. మోదుగ అప్పుడే పూతకు వస్తున్నది. మేకలు కాస్తున్న సుగాలీ కుర్రవాడొకడు కముజుపిట్ట కూతను నోటితో పలికిస్తే పొదలోంచి పిట్ట బదులు పలికింది. ఆ మూడు రోజుల్లో వాళ్ళు చప్పట్లు కొట్టింది ఆ ఒక్కచోటే. కుర్రవాడికి ఎవరో అయిదువందలు ఇచ్చారు. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మేకలను తోలుకుంటూ వెళ్ళిపోయాడు.

దుర్గిలో శిల్పుల దగ్గర గంటసేపు కూర్చున్నాం. దుర్గి రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. అక్కడ వ్యాపారం బాగానే జరిగింది. కొన్న డబ్బు నేరుగా శిల్పి చేతికే పోయింది, అది నాకు సంతోషం.

మాచర్ల చెన్నకేశవుని గుడిలో చాపకూడు గురించి నేను చెప్పాను. పన్నెండవ శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒక్క చాపమీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని, మాలకులస్థుడైన కన్నమదాసు ఆయన సైన్యానికి నాయకుడని. హైదరాబాదాయన ఒకరు, "ఇప్పుడు కూర్చుంటున్నారా?" అని అడిగారు. కారెంపూడిలో వీరుల ఉత్సవంలో చూడమన్నాను. పల్నాడంతటా సంగతి అడిగితే మాత్రం నా దగ్గర తేలిక జవాబు లేదని కూడా అన్నాను.

ఇక కారెంపూడి. అసలు నేను మాట్లాడదలచుకున్నది ఇక్కడే.

నాగులేటి ఒడ్డున వీరుల గుడి మీరెరిగినదే. మాచర్ల మలిదేవునికి, గురజాల నలగామునికి మధ్య, బ్రహ్మనాయుడు ఒకవైపు నాయకురాలు నాగమ్మ ఒకవైపు, కోడిపందెంతో మొదలై సవతి అన్నదమ్ములు నరుక్కున్న యుద్ధం ఈ నేలమీదే ముగిసింది. ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు జరుగుతాయి. ఎక్కడెక్కడినుంచో వీరాచారవంతులు తమ తమ ఇళ్ళలో పూజలందుకునే ఆయుధాలను మోసుకుని వస్తారు. అది నాటకం కాదు. వారికి ఆ ఆయుధాలే వీరులు.

మేము వెళ్ళింది మాఘమాసం. కంపెనీవారు ముందుగా ఎవరితోనో మాట్లాడుకుని, ఆచారవంతుల ఇంటివారు ఒకరిద్దరు ఆయుధాలు తెచ్చి, ఆవేశంతో ఊగి చూపిస్తారని కార్యక్రమంలో వేసుకున్నారు. గుడి దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడు, ఉత్తచేతులతో. డెబ్బై ఏళ్ళుంటాయి, తలపాగా, నుదుట బొట్టు. ఆయుధాలేవీ అని యువకుడు నా ద్వారా అడిగించాడు.

"బయటికి తీసే రోజు కాదు బాబూ" అన్నాడు ఆయన.

యువకుడు, ముందు అనుకున్న డబ్బుకు మరికొంత కలుపుతామన్నాడు. అది నేను చెప్పక తప్పలేదు. పెద్దాయనకు కోపం రాలేదు. అరుగుమీద కూర్చుని నాతో అన్నాడు: "అయ్యా, మీరు చదువుకున్నోళ్ళు, వాళ్ళకి సరిగ్గా చెప్పండి. డబ్బు నాకు చేదు కాదు. మా కోడలు ఆసుపత్రిలో ఉంది. మా వాళ్ళెవరో ఒప్పుకున్నారంట, ఆ మాటా నిజమే. కానీ వీరులు కార్తీకంలో వస్తారు. ఈళ్ళనీ అప్పుడే రమ్మనండి, మా ఇంట్లో దిగమనండి. కథ వినాలంటే ఇప్పుడు కూర్చోమనండి, చెబుతాను. ఊగమంటే మాత్రం ఊగను."

నేను ప్రతిమాటా ఇంగ్లీషులో చెప్పాను, కోడలి సంగతితో సహా. కొంచెం మెత్తగా చేసి చెప్పమని యువకుడు కళ్ళతో సైగ చేశాడు. నేను చేయలేదు. ఎందుకంటే ఆ మనిషి నన్ను నమ్మి చెప్పాడు. అక్కడ నాకు జీతం ఇచ్చేది ఎవరన్నది ఆ సమయంలో అడ్డు రాలేదు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మెల్‌బోర్న్ అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, "అంకుల్, మేము కిందటేడు ఉలూరు వెళ్ళాం. అక్కడా ఇదే మాట చెప్పారు" అన్నది. ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఎర్రటి ఎడారిలో, నేలమీదనుంచి 348 మీటర్ల ఎత్తున నిలబడ్డ ఒకే ఒక్క కొండ అది. 1873లో గాస్ అనే సర్వే అధికారి చూసి ఒక దొరగారి పేరు మీద ఏయర్స్ రాక్ అని పేరు పెట్టాడు. అక్కడి అనంగు ప్రజలకు అది తరతరాలుగా ఉలూరు. 1985 అక్టోబరు 26న ప్రభుత్వం ఆ భూమిని వారికి తిరిగి అప్పగించింది. వారు దానిని ప్రభుత్వానికే 99 ఏళ్ళు కౌలుకిచ్చి, పార్కు నిర్వహణలో భాగస్వాములయ్యారు. కొండ ఎక్కవద్దని వారు ఏళ్ళతరబడి బోర్డులు పెట్టి అడిగితే, చివరకు 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం నిషేధించారు. కొన్ని స్థలాలను ఫొటో తీయవద్దంటారు. కొన్ని కథలు పైవారికి చెప్పరు. అక్కడ మన గుడారాల కంటే ఎన్నోరెట్లు ఖరీదైన విడుదులు ఉన్నాయట. అయినా జనం వెళుతూనే ఉన్నారని, ఎక్కనివ్వలేదని ఎవరూ డబ్బు వాపసు అడగలేదని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది. తానే వెళ్ళి మిగతావారితో మాట్లాడింది.

పదకొండుమందీ అరుగుకింద నాపరాళ్ళమీద కూర్చున్నారు. పెద్దాయన బాలచంద్రుని కథ ఎత్తుకున్నాడు. గంటన్నర. గొంతులో పదును తగ్గింది కాని పట్టు తగ్గలేదు. తల్లి దగ్గర సెలవు తీసుకునే ఘట్టంలో నేను తర్జుమా ఆపేశాను, ఎవరూ అడగలేదు. దుర్గినుంచి ఆలస్యంగా వచ్చాం కనుక రాత్రి ప్రత్యేక భోజనం చల్లారిపోయింది. దాన్ని గురించి ఎవరూ ఒక్కమాట అనలేదు.

ఈ సందర్భంలో ఒక విషయం. శ్రీనాథుని పల్నాటి వీరచరిత్రను 1911లో అక్కిరాజు ఉమాకాంతంగారు అచ్చువేయించారు, మన అదృష్టం. కానీ జనం నోట ఉన్న కథ వేరు, అది పాడేవారి ఆస్తి. జీన్ రోఘెయిర్ అనే అమెరికన్ పరిశోధకుడు పల్నాడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడినదంతా విని, అనువదించి, 1982లో ఆక్స్‌ఫర్డ్ వారిచేత పుస్తకంగా ప్రచురింపజేశాడు. పాడినవాని పేరు అందులో ఉన్నది. మన కాలేజీలలో ఆ పేరు ఎందరికి తెలుసో నేను అడగను.

మూడవరోజు మించాలపాడు. అది వారి కార్యక్రమంలో లేదు. పుల్లరి కట్టమని ఎదురుతిరిగి, 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలైన కన్నెగంటి హనుమంతు స్థలం చూడకుండా పల్నాటి అడవిని చూశామనడం ఎట్లా అని నేను పట్టుబట్టాను. పావుగంట ఇచ్చారు. ముప్పావుగంట పట్టింది. అడవిలో పశువుల మేతకు పన్నేమిటని హైదరాబాదు కుర్రవాడొకడు ఆశ్చర్యపోతే, ముందురోజు మేకల కుర్రవాడు గుర్తున్నాడా అని అడిగాను.

మిత్రులారా, నేను చూసింది ఇది. ఇప్పుడు నా అభిప్రాయం చెప్పడానికి అనుమతించండి. మనలో కొందరు పెద్దలు, ఇది ధనవంతుల షోకు, మనకెందుకు అంటున్నారు. వారితో నేను ఏకీభవించను. డబ్బున్నవాళ్ళు ఎక్కడో ఒకచోట ఖర్చుపెడతారు. 2022లో మనకు జిల్లా వచ్చింది. చూడవలసినవి ఇన్ని ఉన్నా సాగర్ చూసి వెనక్కుపోయేవారే ఎక్కువ. పైగా మోకాళ్ళ నొప్పులున్న మనవంటివారికి మంచి బండి, శుభ్రమైన స్నానాలగది అక్కర్లేదనడం కూడా నిజాయితీ కాదు. ఆ గుడారంలో వేడినీళ్ళు నాకు బాగానే నచ్చాయి.

అయితే ఉత్తరానికి ఊరికే సరేనని వ్రాయడానికి నేను వ్యతిరేకిని. మన పేరు వారి పుస్తకంలో ఉంటే, రేపు కారెంపూడిలో ఎవరో బీదవానిచేత డబ్బుకు ఊగిస్తే అది మన పేరు మీద జరిగినట్టే. కనుక నాలుగు మాటలు ముందే కాగితం మీద పెట్టాలి. ఆయుధాలు, పూజలు అకాలంలో అడగకూడదు. కథ చెప్పేవారికి, రొట్టె చేసేవారికి ఇచ్చేది ఎంతో ముందే అందరి ఎదుట చెప్పాలి, మధ్యలో ఎవరి చేతులూ ఉండకూడదు. ఫొటో తీసేముందు అడగాలి. లాంచీలో ముంపు గ్రామాల వారికి సమయం కేటాయించాలి, మధ్యలో ఆపకూడదు. ఈ చివరిది కార్యవర్గంలో కొందరికి చిన్నవిషయంగా తోచింది. నేను మాత్రం దీనిని వదలను. ఆ అటెండరుగారి తరం వెళ్ళిపోతే మిగిలేది నా ట్రేసింగు చుక్కలే.

మన పారితోషికం విషయం మీ ఇష్టం. నాకిచ్చినదానిలో సగం ఆ కారెంపూడి పెద్దాయన కోడలి వైద్యానికి ఇచ్చాను. ఆమె ఇంటికి వచ్చిందని మొన్న కబురు తెలిసింది. ఇది గొప్పకు చెప్పడంలేదు, అడిగినవారున్నారు గనుక చెబుతున్నాను.

జవాబు ముసాయిదా కార్యదర్శిగారి దగ్గర ఉన్నది, చదివి సవరణలు సూచించండి. వెంట తిరగడానికి ఇష్టపడేవారు పేర్లు ఇవ్వండి. ముంపు గ్రామాలవారు మనలో ఎందరున్నారో విడిగా ఒక జాబితా వ్రాయిస్తున్నాము, దయచేసి ఈరోజే చెప్పండి. ఒకటి మరచాను. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఏ తేదీలు వేసినా అది చూసుకోవాలి. వచ్చే కార్తీకంలో మన సభ్యులమే సొంతఖర్చుతో కారెంపూడి వెళ్ళి, ఆ పెద్దాయన పిలుపు ప్రకారం రెండు రాత్రులు ఉందామని నా ప్రతిపాదన. గుడారాలు, పరుపులు ఉండవు. రాత్రిపూట నాపరాళ్ళ మీద కూర్చోవాలి, చలి ఉంటుంది, ఎవరి దుప్పటి వారు తెచ్చుకోవాలి.

సెలవు.